సగం విని లేచిపోయినవాడు

ఆమె చెవులు పనికిరావని తేల్చింది మీరే. అవును, మీరే! టైర్ల షాపు మేడమీద హాల్లో బల్లలు ఇరికించి, గోడకి ఒక స్పీకరు తగిలించి, ఇంగ్లీష్ కోచింగ్ అని బోర్డు పెట్టిన పెద్దమనుషులు! రికార్డింగు వేస్తారు. జవాబులు గడగడా చదువుతారు. "బి, ఎ, సి, సి. ఎవరికి తప్పాయి? చేతులెత్తండి." ఎత్తిన చేతుల్ని చూసి నవ్వుతారు. ఎందుకు తప్పాయో ఒక్కరినైనా అడిగారా? "ఇంకా ప్రాక్టీస్ చెయ్యాలి" అనేసి చేతులు దులుపుకుంటారు. ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి? అది మాత్రం చెప్పరు.

అలా ఇంగ్లీష్ పరీక్షలో రెండుసార్లు దెబ్బతిన్న మనిషి కిటికీ పక్క బల్లమీద కూర్చునేది. పిల్లల ఆస్పత్రిలో నర్సు. క్లాసంతా సిస్టర్ అని పిలిచేది. చదవడం, రాయడం, మాట్లాడటం అన్నిట్లోనూ మార్కులొచ్చాయి. వినడంలోనే పోయాయి. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని చూసుకునే ప్రత్యేక శిక్షణకి ఆమెని ఎంచారు. ఆ వార్డు అద్దంలోంచి లోపలికి చూసి, అరచెయ్యంత బిడ్డల్ని చూసి, ఇదే నా పని అని ఆమె ఎప్పుడో అనుకుంది. కానీ లిజనింగ్ స్కోరు తెస్తేనే సీటు. ఈసారీ తేకపోతే ఆ సీటు ఇంకొకరిది. ఇంకో అవకాశం ఇచ్చేది లేదని ఉత్తరం ముక్కలో తేల్చేశారు.

ఆ రోజు పక్క సీట్లోకి కొత్తవాడొచ్చాడు. చొక్కా నిండా వేయించిన ఉల్లిపాయ వాసన. రికార్డింగు ముగియగానే ఇటు తిరిగాడు.

"సిస్టర్, మీరు మంత్రాలేమైనా చదువుతున్నారా?"

"ఏంటీ?"

"పెదాలు కదుపుతూ గొణుగుతున్నారు. మీ గొణుగుడుకి ఆ స్పీకర్లో ఆవిడ ఏమందో నాకు వినపడలేదు."

"వినపడితే ఏం చేసేవారు? ఆవిడ మాట పూర్తి చెయ్యకముందే రాసేశారుగా!"

"నా పేపర్లోకి తొంగి చూశారా?"

"మీ మోచెయ్యి నా బల్లమీద కాపురం పెట్టింది. చూడకుండా ఎలా కుదురుతుంది?"

వెనక వరుస పకపకా నవ్వింది. కోచింగ్ డైరెక్టర్ గారు "సైలెన్స్!" అని బల్ల చరిచారు. చరచడం ఒక్కటే ఆయనకి బాగా వచ్చు.

క్లాసు వదిలేసరికి వాన. ఇద్దరూ మెట్ల దగ్గర ఇరుక్కుపోయారు. అతను చూరు నీళ్ళని చూస్తున్నాడు, ఆమె అతని పేపరు చూస్తోంది.

"మంగళవారం అని రాశారు."

"అదే అందిగా ఆవిడ!"

"అంది. వెంటనే, ఆ రోజు డెంటిస్ట్ దగ్గరికెళ్ళాలి, గురువారం పెట్టండి అంది."

అతని మొహం వాడిపోయింది. తర్వాత ఆమె పేపరు లాక్కున్నాడు. "గురువారం. కరెక్టే. మరి తర్వాతవి రెండూ ఖాళీగా ఉన్నాయేం?"

"గురువారమే కదా, గురువారమే కదా అని సరిచూసుకుంటున్నా. ఈలోగా ఆవిడ ఫోన్ పెట్టేసింది."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు ఆగలేదు.

ఇదీ అసలు జబ్బు! బోర్డు పెట్టిన ఏ పెద్దమనిషీ కనిపెట్టని జబ్బు. వార్డులో డాక్టరు ఫోన్లో మందు చెబితే, నర్సు రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. ఆయన అవునన్నాకే సూది పట్టుకోవాలి. ఆమెకి అది ఊపిరితో సమానం. అతనేమో హోటల్లో వంటమాస్టర్. కిటికీ అవతల్నుంచి సర్వర్ "ఆమ్..." అనేలోపు పెనం మీద గుడ్డు పగలాలి. ఆలస్యమైతే తిట్లు. పెద్ద హోటళ్ళ వంట కాలేజీలో చేరదామని ఈ పరీక్షకొచ్చాడు.

"ఆ అలవాటు మానేయండి" అన్నాడతను.

"మానేస్తే బిడ్డకి పదో వంతు ఎక్కాల్సిన మందు మొత్తం ఎక్కుతుంది. మీరు ఆమ్లెట్టు మాడ్చినట్టు కాదు మాస్టర్."

"నేను మాడ్చను! సరే, మానొద్దు. యూనిఫాం విప్పి తగిలించినట్టు పరీక్ష గదిలో దాన్ని కూడా తగిలించండి."

"మరి మీరు? ఎదుటి మనిషి ఊపిరి పీల్చుకునేదాకా పెన్ను ఎత్తకూడదు. చేతనవుతుందా?"

"చూద్దాం!"

"చూద్దాం కాదు. రేపట్నుంచి నా డ్యూటీ దిగాక, మా ఆస్పత్రి ఓపీ వరండాలో బెంచీ. రండి."

అతను వచ్చాడు. ఒక ఫోను, ఒక ఇయర్‌ఫోను, చెరో చెవికి ఒక కొస. తల కొంచెం జరిపితే తీగ ఊడిపోతుంది. అందుకని ఇద్దరూ కదిలేవాళ్ళు కాదు. అందుకనే అనుకుందాం.

అతను తొందరపడి పెన్ను ఎత్తగానే ఆమె అతని మణికట్టు మీద స్కేలుతో టక్కున కొట్టేది. ఆమె పెదాలు కదపగానే అతను "పోయింది, వదిలెయ్!" అనేవాడు. మొదట్లో 'వదిలెయ్యండి' అనేవాడు. 'అండి' ఎప్పుడు రాలిపోయిందో ఇద్దరికీ తెలియదు.

అయినా ఆమెకి వదలడం రాలేదు. ఒక్కటి తప్పితే వెనక్కి వెళ్ళి దాన్ని వెతకడం, దాంతో మూడు పోవడం. ఒక మధ్యాహ్నం అతను ఆమెని హోటల్ వంటింట్లో ఆర్డర్ల కిటికీ దగ్గర నిలబెట్టాడు. పలక చేతికిచ్చాడు.

"విన్నది రాయాలి. తిరిగి అడగకూడదు. ఒకటి పోతే పోయింది, తర్వాతది పట్టుకోవాలి."

సర్వర్ తల పెట్టి అరిచాడు. "రెండు టమోటా సూపు, ఒకటి ఉల్లిపాయ లేకుండా!"

"రెండిట్లో ఒకటా, ఇంకొకటా?" అంది ఆమె.

"మాస్టర్! ఈవిడెవరో నన్ను పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడుగుతోంది!"

గిన్నెల మోత, కుళాయి మోత, ఎగ్జాస్ట్ ఫ్యాను మోత. చెమటతో ముంగురులు నుదుటికి అంటుకుపోయాయి. ఆమె పళ్ళు బిగించింది. మళ్ళీ రాసింది. ఒకటి పోయింది. చెయ్యి వెనక్కి లాగింది. ఆమె లాగనివ్వలేదు. తర్వాతది రాసింది. ఆ తర్వాతదీ రాసింది. జనం పలచబడేసరికి పలక మీద అక్కడక్కడా ఖాళీలు, మిగతావన్నీ సరైనవే.

"చూశావా?" అన్నాడతను. అతని కళ్ళు పలక మీద లేవు.

పరీక్ష దగ్గరపడింది. ఒక సాయంత్రం మళ్ళీ వాన. బస్ షెల్టర్లో ఇద్దరే. అతను తల తుడుచుకుంటూ, తుడుచుకున్నదే మళ్ళీ తుడుచుకుంటూ, చివరికి అన్నాడు.

"ఇకమీదట నిన్ను సిస్టర్ అని పిలవలేను. నోరు రావట్లేదు."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు దాచుకోవడానికి. "దానికి ముందు నేనొకటి చెప్పాలి. నాకు మీతో ఇలా రోజూ బెంచీ మీద కూర్చోవడం ఇష్టం లేదు..."

"అర్థమైంది సిస్టర్."

అంతే. లేచాడు. వానలోకి నడిచాడు. వెనక్కి చూడలేదు. ఆమె నోరు తెరుచుకునే ఉంది. మిగతా సగం వాక్యం నాలుక మీదే ఉండిపోయింది.

మర్నాడు క్లాసుకి రాలేదు. బెంచీ దగ్గరికీ రాలేదు. ఆమె ఫోను తీసింది, పేరు మీద వేలు పెట్టింది. అంతలో వార్డు అద్దం గుర్తొచ్చింది. ఫోను బల్లమీద బోర్లా పెట్టింది.

"పోయింది, వదిలెయ్. తర్వాతది" అని తనకి తనే చెప్పుకుంది. రికార్డింగు పెట్టుకుంది. భేష్! ఏడ్చుకుంటూ కూర్చోలేదు ఆ పిల్ల.

పరీక్ష హాలు. చెవులకి హెడ్‌ఫోను. నాలుగు వరుసల ముందు తెలిసిన మెడ, తెలిసిన చొక్కా. ఆమె కళ్ళు పేపరు మీదికి దించుకుంది. మొదటి భాగం సాఫీగా పోయింది. రెండో భాగంలో మ్యూజియం గైడు ఏదో అంకె చెబుతుండగా ముందు వరుసలో ఎవరో దగ్గారు. అంకె పోయింది. పెన్ను వెనక్కి లాగింది. పెదాలు కదలబోయాయి. ఆమె కింది పెదవిని పంటికింద పట్టింది. ఆ గడిని ఖాళీగా వదిలి, కళ్ళని బలవంతంగా కింది గడికి ఈడ్చింది. గైడు గొంతు అందింది. ఆ తర్వాత ఒక్కటీ జారలేదు.

బయటికొచ్చేసరికి అతను లేడు. ఆమె వెతకలేదు.

ఫలితాలు వచ్చిన రోజు వార్డు సింకు దగ్గర తడి చేతులతోనే ఫోను చూసింది. కావలసిన దానికంటే అర మార్కు ఎక్కువ. సీటు ఆమెదే. అక్కడే నిలబడి కుళాయి తిప్పి మొహం కడుక్కుంది, కన్నీళ్ళు ఎవరికీ కనపడకుండా. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. "నాన్నా, ఈరోజు నీ బస్సు డ్యూటీ ఎన్నింటికి అయిపోతుంది? నాతో ఒక చోటికి రావాలి."

హోటల్ వంటిల్లు మోతలో మునిగి ఉంది. అతను మిరియాల డబ్బా చేతబట్టి పొయ్యి ముందు నిలబడ్డాడు. కిటికీలోంచి సర్వర్ అరిచాడు.

"సూపు ఒకటి! మిరియాలు ఎక్కువ..."

అతని చెయ్యి గాల్లోనే ఆగింది. సర్వర్ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"...వెయ్యొద్దంట ఆ పెద్దాయన. ఏంటి మాస్టర్ అలా చూస్తారు?"

"ఏం లేదు. పూర్తిగా చెప్పావు కదా, అయిపోయిందా?"

"అయిపోయింది!"

"నాది కాలేదు" అంది గుమ్మంలోంచి ఆమె గొంతు.

అతను డబ్బా దించాడు. నేలని చూస్తూ మాట్లాడాడు.

"నాకు లిజనింగ్ పోయింది. రెండు చోట్ల తొందరపడి రాశాను. ఇంటికెళ్ళి ఆలోచించాక అర్థమైంది, అంతకుముందు కూడా ఒకసారి తొందరపడ్డానని. ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు."

"బుద్ధుందా మీకు?"

"లేదు."

"ఇప్పుడైనా వింటారా?"

అతను పొయ్యి ఆపేశాడు. పక్క పొయ్యి కూడా ఆపేశాడు. సర్వర్ "అయ్యో మాస్టర్, ఆర్డర్లు!" అని నెత్తి కొట్టుకున్నాడు.

"నాకు మీతో రోజూ బెంచీ మీద దాక్కుని కూర్చోవడం ఇష్టం లేదు. మా ఇంట్లో, మా నాన్న ముందు, తలెత్తుకుని కూర్చోవాలి. ఇదీ వాక్యం. చివర ఫుల్‌స్టాప్ కూడా పెట్టాను."

అతను నోరు తెరిచాడు, మూశాడు. ఆమె ఊపిరి పీల్చుకునేదాకా ఆగాడు. అప్పుడన్నాడు. "నాకు చాలా ఇష్టం. నువ్వంటే."

"సీటొచ్చింది నాకు. ఏడాది దూరంగా ఉంటాను."

"వెళ్ళు. ఆ వార్డు నీదే. నేను మళ్ళీ పరీక్ష రాస్తాను."

"రాయాల్సిందే. దానికి సాయంత్రం కూర్చుందాం. ముందు పని వేరే ఉంది." ఆమె అతని నడుముకున్న ఏప్రన్ ముడి విప్పి చేతిలో పెట్టింది. "ఆ మిరియాలొద్దన్న పెద్దాయన మా నాన్న. ఆ సూపు గిన్నె మీ చేత్తో పట్టుకెళ్ళండి. ఎదురుగా కూర్చోండి. ఆయన నిదానం మనిషి, మాటకీ మాటకీ మధ్య ఒక స్టాపు దాటేంత టైం తీసుకుంటాడు. ఆగండి. మొత్తం వినండి. ఆ తర్వాత ఇప్పుడు నాతో అన్నది ఆయనతో అనండి. రేపు కాదు, డ్యూటీ అయ్యాక కాదు. ఇప్పుడే. నడవండి!"