హైడ్రోజన్ ఆడిన అబద్ధం

బుధవారం ఉదయం 10:50. దక్షిణ కొరియాలోని దేగు నగరం. ఒక అద్దకాల మిల్లు.

మేనేజర్ మా జోంగిల్ కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి. బల్ల మీద సగం తాగిన యూల్మూ టీ. బాదం, అక్రోటు పొడి వేసిన చిక్కటి టీ అది.

మధ్యాహ్నానికల్లా ల్యాబ్ రిపోర్టు వచ్చింది. టీలో అనిలిన్, రంగుల తయారీలో వాడే విషం!

అనిలిన్ బీరువా తాళం మిల్లులో ఒక్కరి దగ్గరే ఉంటుంది. రంగులు కలిపే ఓక్ బున్నిమ్, వయసు యాభై ఎనిమిది. ముందురోజే మేనేజర్‌తో గొడవపడింది. ఇంకేం కావాలి? రెండు గంటలకు అరెస్టు చేశారు. నలభై ఎనిమిది గంటల్లోగా కోర్టుకు కాగితాలు వెళ్లాలి. వెళ్తే ఇక జైలే.

శుక్రవారం ఉదయం 9:10. పోలీస్ స్టేషన్‌లో కిటికీ లేని గది. ఇన్‌స్పెక్టర్ ప్యో గుమ్హ్వా బున్నిమ్ ఎదురుగా కూర్చుంది.

"టీలో ఏం పోశావు పిన్నీ?"

"ఏం పోయలేదమ్మా."

"తాళం ఎవరికైనా ఇచ్చావా?"

"ఎవరికీ ఇవ్వలేదు."

ఇదెక్కడి మనిషి! తన గొయ్యి తనే తవ్వుకుంటోంది.

"అనిలిన్ వాసన ఎలా ఉంటుంది?"

"కుళ్లిన చేపలా. ముక్కు పగిలిపోద్ది."

ప్యో చటుక్కున లేచింది. అంత కంపు కొట్టే టీని సగం కప్పు ఎవడు తాగుతాడు?

9:40. పోలీసు ల్యాబ్‌లో కెమిస్ట్ బాంగ్ సుర్యాన్ చిరాకుపడింది.

"మా మెషీన్ తప్పు చెప్పదు మేడమ్."

"ఈ మధ్య అందులో ఏమైనా మార్చారా?"

"గ్యాస్ మార్చాం. హీలియం దొరికి చావట్లేదు. సోమవారం నుంచి హైడ్రోజన్ వాడుతున్నాం. శాంపిల్‌ని గొట్టంలో మోసుకెళ్లేది అదే. పని కూడా త్వరగా అయిపోతోంది."

"మోసుకెళ్లడమేనా? దారిలో దాన్ని ఇంకేం చెయ్యదా?"

సుర్యాన్ ముఖం పాలిపోయింది. పరుగెత్తి, ఒక మూల కాస్త మిగిలి ఉన్న పాత హీలియం సిలిండర్ దొర్లించుకొచ్చింది.

మధ్యాహ్నం 1:25. స్టేషన్. మిల్లులోని కలర్ ల్యాబ్ ఇన్‌ఛార్జ్ తాక్ గ్యూహో సాక్ష్యం మీద సంతకం చెయ్యడానికి వచ్చాడు.

"తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది మేడమ్. నేను అనిలిన్ ముట్టనైనా ముట్టను."

"నిజమే, ముట్టలేదు. టీలో అనిలిన్ లేనే లేదు. ఉన్నది నైట్రోబెంజీన్. దానిది బాదం వాసన. బాదం టీలో కలిస్తే ఎవరు పసిగడతారు? వేడి మెషీన్‌లో హైడ్రోజన్ దాన్ని అనిలిన్‌గా మార్చేసింది. హీలియంతో మళ్లీ నడిపాం. అసలు రంగు బయటపడింది."

"దానికి నేనేం చెయ్యను?"

"నైట్రోబెంజీన్ సీసా నీ ల్యాబ్‌లోది. సోమవారం సాయంత్రం 4:10కి తీసుకున్నట్టు రిజిస్టర్‌లో నీ సంతకం ఉంది. రంగునీళ్లు నదిలోకి వదులుతున్నావని మేనేజర్ నీ మీద ఫిర్యాదు రాసిన రోజది."

తాక్ తలుపు వైపు చూశాడు. అక్కడ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

1:50. ప్యో కిటికీ లేని గది తలుపు తీసింది.

"పిన్నీ, ఇంటికెళ్లు. టీలో ఉన్నది అనిలిన్ కాదు."

బున్నిమ్ లేవలేదు.

"నిజంగా కాదా?"

"కాదు."

"మెషీన్ తప్పు చెప్పదన్నారు కదమ్మా," ఆమె భోరుమంది. "నాకే తెలీకుండా నేనే పోశానేమో అనుకున్నా."

ఆమె ముందు ఒక కాగితం ఉంది. నేరం ఒప్పుకుంటూ రాసింది. కింద సంతకం కూడా పెట్టేసింది.

ప్యోకి సిగ్గేసింది. కాగితం తీసుకుని నాలుగు ముక్కలుగా చింపేసింది.