దెయ్యం దిద్దిన అక్షరం

మా పికెట్‌ఫోర్డ్‌లో పొద్దుగూకాక పాత బ్యాంకు హాల్లోకి ఒంటరిగా ఎవరూ పోరు. దెయ్యం ఉందట. గోడమీద మా మెయిన్ స్ట్రీట్ నూనెరంగుల బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ వేసిన బడిపంతులు రాయిస్ హాస్కెట్ దాని ముందే కుర్చీలో కూర్చుని ప్రాణం వదిలాడు. తన పని తానే చూసి మురుస్తూ పోయాడు... అంత అదృష్టం ఎందరికి.

బొమ్మ బాగానే ఉంటుంది. ఎర్ర ఇటుకల కొట్లు, పచ్చ చారల పరదాలు, నీలం పికప్పు బండి. మా వీధిలో ఎన్నడూ కాయనంత ఎండ. అన్నిటికీ మెరుగు పెట్టిన ఆ మహానుభావుడు ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు దించాడు — మంగలి కొట్టుకి నేను రాసిన బోర్డు.

‘బార్బర్’ అని ఉండాలి. ‘బాబర్’ అని ఉంది.

నలభై ఏళ్లు ఈ ఊరి బోర్డులన్నీ నేనే రాశాను. ఒక్క గీత వంకర పోలేదు. ఒక్క అక్షరం జారింది, అంతే. అసలు బోర్డుని ఎప్పుడో పొయ్యిలో పెట్టాను. బొమ్మలోది మిగిలింది. దిద్దమని అడిగితే రాయిస్ ఏమన్నాడో తెలుసా?

“నేను చూసిందే వేస్తాను, డెల్బర్ట్.”

పచ్చ చారల పరదాలు ఎక్కడ చూశాడో మరి.

ఊరికి నూటయాభై ఏళ్లు నిండాయని ఈసారి ఆ బొమ్మతో క్యాలెండర్ వేస్తామన్నారు ఊరి పెద్దలు. సోమవారం ఫొటో తీస్తారు. ఇంక ఇంటింటా ఫ్రిజ్ మీద, పన్నెండు నెలలూ, నా తప్పు.

ఆదివారం సాయంత్రం ఏం జరిగిందో వెల్మా టిబెట్ చెప్పినట్టే చెబుతాను. హాలు తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. మధ్యాహ్నం ఆ హాల్లో జరిగిన చర్చి విందుకి తెచ్చిన గాజుగిన్నె అక్కడే మరిచిపోయింది, తలుపుకి తాళం వెయ్యడం కూడా. అడుగున టేపు అంటించి పేరు రాసుకున్న గిన్నె. మా ఊళ్లో మొగుడు తప్పిపోతే రేపు వెతుకుతారు, గిన్నె తప్పిపోతే ఆ పూటే.

తలుపు తోసింది. చీకటి. దీపాల మీట అవతలి గోడకుంది. తడుముకుంటూ బల్లమీది గిన్నె అందుకుంది...

రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన.

రాయిస్ దగ్గర ఎప్పుడూ వచ్చే వాసన అది.

బొమ్మ దగ్గర చిన్న వెలుగు — ఆరిపోయింది.

“ఎవరు?” అంది గుసగుసగా.

ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది... తూలిపడకుండా గోడకి చెయ్యి ఆనించింది. వేలికొసకి బొమ్మ తగిలింది.

తడి.

ముప్పయ్యేళ్ల కిందటి బొమ్మ — తడిగా ఉంది.

గిన్నె నేలమీద పడి వంద ముక్కలైంది. వెల్మా వీధిలో పడింది.

తెల్లారి ఊరంతా చేరింది. దగ్గరికి పోయే ధైర్యం ఎవరికుంది, పదడుగుల దూరం నుంచే చూశారు. బోర్డులో ఒక అక్షరం పెరిగింది. రాయిస్ ఆత్మే దిగొచ్చి దిద్దిందన్నారు. ఎంత మంచి మనిషి, చచ్చాక కూడా ఊరి పరువు చూశాడన్నారు. బతికుండగా కుంచె కదపనివాడు చచ్చాక కదిపాడట. ఆ ముక్కకి నా కడుపు మండింది. అయినా నోరు మూసుకున్నాను.

క్యాలెండర్లు వచ్చిన రోజున వెల్మా మా గుమ్మం ఎక్కింది. ఒక క్యాలెండర్ నా ఒళ్లో పెట్టి, మంగలి కొట్టు మీద వేలు ఆనించింది.

“దెయ్యం ఏం రాసిందో చదువు, డెల్బర్ట్.”

“బార్బర్.”

“కూడబలుక్కుని చదువు.”

చదివాను. ఇంకోసారి చదివాను.

“బాబ్రర్,” అంది నా చెవిలో. “రాయిస్ బడిపంతులయ్యా. ఈ ఊళ్లో ఇలా రాసే దెయ్యం ఒక్కటే ఉంది. నా గిన్నె ఎప్పుడు తెచ్చిస్తుందో అడుగు.”

మర్నాడే కొత్త గిన్నె కొనిచ్చాను. అడుగున టేపు కూడా నేనే అంటించాను... తిన్నగా, ఒక్క ముడత లేకుండా.

పేరు మాత్రం ఆమెనే రాసుకోమన్నాను.