స్టేషనరీకి ఆధారం

ఆ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో అతన్ని అందరూ గాలిపటం అనేవారు. రెండేళ్లలో నాలుగు ఉద్యోగాలు మారినవాడికి అంతకన్నా మంచి పేరు దొరకదు. ఇక్కడికొచ్చి ఆరు నెలలైంది. అది అతని రికార్డు.

అతను పదాలకు అర్థాలు రాసిన చీటీలన్నీ ఎదుటి టేబులు అమ్మాయి ఎర్ర పెన్ను కింద నుంచే పోవాలి. అక్కడ ఒక పద్ధతుంది: ఏ పదానికైనా ఉదాహరణ వాక్యం కల్పించకూడదు. నిజంగా జరిగిందే రాయాలి, ఆధారం జతచేయాలి. ఒకసారి అతను "వాన కురిసింది" అని రాస్తే, ఏ తేదీన అని అడిగింది. ఆ రోజే అతను ప్రేమలో పడ్డాడు.

ఆ సోమవారం స్టేషనరీ వంతు వచ్చింది. ఒకటి కాదు, రెండు. ఒకటి కాగితాలూ పెన్నులూ, రెండోది కదలకుండా ఉండటం. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా.

"రెండింటికీ మూలం ఒకటేనండి," అన్నాడతను. "పూర్వం సరుకులమ్మేవాళ్లు చాలామంది ఊరూరా తిరిగేవాళ్లు. ఒకచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలమ్మేవాణ్ణి స్టేషనర్ అన్నారు. వాడి కొట్లో దొరికే కాగితాలూ అవీ స్టేషనరీ."

"అంటే కుదురుగా ఉన్నవాడికే పేరు మిగిలిందన్నమాట," అంది ఆమె తలెత్తకుండా. "మీకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందటగా. ప్రయాణం ఎప్పుడు?"

అతని పెన్ను ఆగింది. "ఎవరు చెప్పారండీ?"

"ఆఫీసంతా అదే మాట. మా అమ్మక్కూడా చెప్పేశాను."

"మీ అమ్మగారికెందుకు?"

"మీ గురించి అడుగుతుంటుంది. ఇక అడగొద్దన్నాను."

బయట వాన మొదలైంది. అతను అలవాటుకొద్దీ తేదీ చూసుకున్నాడు. తర్వాత రెండో స్టేషనరీ చీటీ మీద రాశాడు: 'ఎదుటి టేబులు అమ్మాయి కోసం అతను ఇక్కణ్ణుంచి కదలదలచుకోలేదు.'

నిమిషంలో చీటీ తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒకటే మాట: ఆధారం?

అతను సొరుగులోంచి ఒక కాగితం తీసి, చీటీకి గుండుసూదితో గుచ్చి, ఆమె ముందు పెట్టాడు. ఆ కొత్త ఉద్యోగం వద్దని రాసిన ఉత్తరం నకలు. కిందటి వారం తేదీ. అవతలివాళ్లకు అందినట్టు ముద్ర కూడా ఉంది.

ఆమె ముద్రను కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. ఉత్తరం రెండుసార్లు చదివింది. అతను అక్కడే నిలబడ్డాడు. ఇన్నాళ్లకు ఒకచోట ఉండిపోవాలనిపించింది, ఆ ఒక్కచోటా కాదంటే ఎక్కడికెళ్లాలో అతనికి తెలియదు.

"ఈ ముక్క వారం కిందటే చెబితే మీ సొమ్మేం పోయింది?"

"అప్పటికి మనం ఆర్ అక్షరం దాటలేదండి."

ఆమె నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చీటీ మీద సంతకం చేసి, ఫోన్ తీసింది.

"అమ్మా, ఆ అబ్బాయి గురించి అడగొద్దన్నానే... ఇక అడగొచ్చు. ఉండు, సాయంత్రం నేనే తీసుకొస్తా."

ఫోన్ పెట్టేసి కాగితం అతని చేతికిచ్చింది. "ఇది జాగ్రత్తగా పెట్టుకో. మా అమ్మ కూడా ఆధారం అడుగుతుంది."

ఆరు నెలల్లో ఆమె అతన్ని నువ్వనడం అదే మొదటిసారి. అతను తేదీ రాసుకున్నాడు.