కోవిల్‌పట్టిలో విండోస్ కుట్ర

సాత్తూరు హైవే పక్క టీకొట్టులో ఏజెంట్ ఇసక్కి గ్లాసు ఎత్తాడు. తుపాకీ చప్పుడు లారీ హారన్‌లో కలిసిపోయింది. గ్లాసు కింద పడేలోపే ప్రాణం పోయింది.

ఆ మధ్యాహ్నమే విరుదునగర్‌లో ఒక పత్తి గోడౌన్ వెనక గదిలో చీఫ్ పంచవర్ణం బ్రీఫింగ్ మొదలుపెట్టింది. ఎదురుగా ఇద్దరు ఏజెంట్లు. ఒకడు ఇసక్కి స్నేహితుడు చెల్లదురై. రెండో మనిషి జోతిలక్ష్మి. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, చల్లని నవ్వు.

"విదేశీ ముఠా దొంగ విండోస్ సీడీలు అమ్ముతా ఉండాది. అది వేస్తే లోపల దాగిన ప్రోగ్రాం మోడెం గుండా ఫైళ్ళన్నీ వాళ్ళకి పంపేస్తాది. దీన్ని కనిపెట్టినందుకే ఇసక్కిని కాల్చినారు. మిసైల్ ఇంధనం సైంటిస్ట్ ముత్తురామన్ కోవిల్‌పట్టి ఇంట్లోకి కొత్త కంప్యూటర్ వచ్చింది. చెల్లదురై, మెకానిక్ వేషంలో పోయి విండోస్‌కి బదులు ఆ దొంగ ప్రోగ్రాం పనిచెయ్యని లినక్స్ వెయ్యి."

"ఆయనకే నిజం చెప్పేస్తే?" అన్నాడు చెల్లదురై.

"నోరు నిలవదు. ఊరంతా అరుస్తాడు, ముఠా పారిపోతాది. జోతీ, నువ్వు సీడీలు అమ్మేదాని లాగా పో. పాడైన సీడీ పెట్టు. సగంలో నిలిచిపోతే విసుక్కొని లినక్స్‌కే ఒప్పుకుంటాడు."

లినక్స్ వేస్తానంటూ మెకానిక్ వేషంలో వచ్చిన చెల్లదురై మీద ముత్తురామన్ గుమ్మంలోనే కస్సుమన్నాడు. "నిన్నెవడు పిలిచినాడు? ఒట్టి అక్షరాలొచ్చే ఆ లినక్స్ నాకేంటికి?"

"వైరస్ రాదు సార్. భద్రం."

"ఇంటర్నెట్ వస్తాదా?"

"ఈ మోడెంతో... కష్టం సార్."

భార్య కృష్ణమ్మాళ్ మూతి తిప్పి, అప్పుడే వచ్చిన జోతిలక్ష్మిని చూపించింది. "రానిదానికి ఇన్ని మాటలా? చూడండి, ఈ పాప విండోస్ తెచ్చి ఉండాది."

జోతిలక్ష్మి సీడీ డ్రైవ్‌లో పెట్టింది. చెల్లదురై పక్కకు తప్పుకొని, విండోస్ ఎంతవరకు ఎక్కిందో చూపే నీలం గీత సగంలో ఆగడం కోసం ఎదురుచూశాడు.

గీత ఆగలేదు. సగం దాటింది. చివరిదాకా వెళ్ళింది. తళతళలాడుతూ డెస్క్‌టాప్ తెరుచుకుంది.

అది పాడైన సీడీ కాదు.

చెల్లదురై కంప్యూటర్ వైపు అడుగు వేశాడు. అప్పటికే ముత్తురామన్ మురిసిపోతూ ఇంధనం డిజైన్ ఉన్న ఫ్లాపీ లోపలికి తోశాడు. ఎవరూ ముట్టుకోకుండానే మోడెం కీచుమంది. డయలింగ్. కనెక్టెడ్. సెండింగ్.

చెల్లదురై దూకి టెలిఫోన్ వైరు గోడలోంచి పెరికేశాడు. సెండింగ్ అన్న మాట తెరమీద గడ్డకట్టింది.

"లెయ్యి," అంది జోతిలక్ష్మి. ఆమె చేతిలో పిస్టల్.

"ఇసక్కిని చంపింది నువ్వేనా?"

"పక్కన కూర్చొని టీ చెప్పినాను. తిరిగి కూడా చూడలేదు, పాపం."

ఆ మాటకు చెల్లదురై చేతికందిన కీబోర్డును వైరుతో సహా విసిరాడు. పేలిన గుండు సీలింగు ఫ్యానుకు తగిలింది. పిస్టల్ జారింది. అతని గుప్పిట్లో ఆమె మణికట్టు మెలిపడింది. చీఫ్ వీధిలో కాపు పెట్టిన పోలీసులు చప్పుడు విని లోపలికి వచ్చారు.

"ఇసక్కి నిన్ను అక్కా అనేవాడు," అన్నాడు సంకెళ్ళు పడుతుంటే. ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు మాయమైంది.

విషయమంతా విన్న ముత్తురామన్ ఫ్లాపీ బయటికి లాగి జేబులో వేసుకున్నాడు. కీబోర్డు అక్షరాలు నేలంతా చెదిరి ఉన్నాయి. కృతజ్ఞత చెప్పే మనిషి కాదు.

"సరే, నీ లినక్సే ఉండనీ," అన్నాడు చివరికి. "వేసేదానికి మాత్రం కీబోర్డు పగలగొట్టని ఇంకెవరినైనా పంపు."