గెలిచిన ఒక్క ఆట

పొద్దున్నే చారెడు మాత్రలు మింగి సింహాద్రి తోటకి బయలుదేరాడు. తోట అనడం అలవాటే గానీ అక్కడ చెట్టన్నది లేదు. తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఎనభై కొబ్బరి చెట్లను కూల్చేసింది. మొద్దులు తీయించాక మిగిలిన ఆ చదును నేల మీదే కూతురు పావని ఊరి ఆడపిల్లలను పోగేసి హాకీ జట్టు కట్టింది. చుట్టుపక్కల ఊళ్ల చిన్న లీగులో రెండేళ్లు ఆడి, గెలిచింది ఒక్కటంటే ఒక్క ఆట. అయినా టెక్కలి బస్సెక్కితే చాలు, అడిగినా అడక్కపోయినా పక్కవాడికి "మా అమ్మాయి కెప్టెన్" అని చెప్పందే సింహాద్రి దిగేవాడు కాదు.

ఆ మురిపెంతోనే ఇన్నాళ్లూ మొక్కలు వేయకుండా ఆగాడు. రెండు నెలల కిందట కిడ్నీలు పాడయ్యాయని డాక్టరు చెప్పాక ఇక ఆగలేకపోయాడు. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేళ్లు. తను పోయాక పిల్లకి ఏదో ఒక ఆధారం ఉండొద్దూ! పావనితో అనకుండానే నిన్న సాయంత్రం కూలీలను పెట్టాడు. తండ్రి నాటిన వరస తప్పకూడదని పాత మొద్దుల జాడలోనే గోతులు తీయించాడు. గోలు ముందు సున్నంతో గీసిన అర్ధచంద్రంలోనే నాలుగు పడ్డాయి.

పావని సున్నం బకెట్టుతో వచ్చి నిలబడిపోయింది.

"ఏటి నాన్నా ఇది? ఎల్లుండి ఆటుంటే గోతులు తవ్వించేసినావేటి?"

"మొక్కలొచ్చేసినాయమ్మా. ఎండలో పడుంటే సచ్చిపోతాయి."

"నాకొక్క మాట సెప్పొద్దా?"

వెనకే వచ్చిన తల్లి నీలమ్మ కోప్పడింది. "ఆటలు కూడు పెడతాయేటే? ఆయన ఒంట్లో ఎలాగుందో సూడవా?"

"నువ్వుండే!" అని భార్యను కసిరి, సింహాద్రి కూతురి వైపు తిరిగాడు. "నేనుండగానే నాటాల తల్లీ. కాపు సూడ్డానికి నేనెలాగూ ఉండను."

పావని బకెట్టు దించి, ఒక మొక్క తెచ్చి గోలు ముందరి గోతిలో పెట్టి మట్టి తోయసాగింది. అది చూసి తండ్రి తట్టుకోలేకపోయాడు.

"తీసెయ్యమ్మా! మీ ఆట అయినాకే నాటుదాం."

"ఆట నేదు నాన్నా." ఆమె తలెత్తలేదు. "రోజా పెళ్లయి ఇచ్ఛాపురం ఎల్లిపోనాది. అనిత, దేవి, ఇంకో ఇద్దరు జీడిపప్పు పనికెల్తన్నారు, సెలవివ్వరు. మిగిలింది ఆరుగురం. పోయిన నెలే లీగులోంచి మా పేరు కొట్టేసినారు."

"మరి రోజూ ఈ గీతలు?"

"డయాలసిస్ నుంచొచ్చి మంచమ్మీద పడి నువ్వడిగేది అదొక్కటే కదా, ప్రాక్టీసు ఎలాగయిందని. జట్టు పోనాదని నీకెలా సెప్పను?"

సింహాద్రి గోతి గట్టున కూలబడ్డాడు. కూతురి ముచ్చట కోసమని తను ఆగితే, ఆ పిల్ల తన కోసం లేని జట్టును ఉందని నమ్మించింది. ఇంత దుఃఖం ఒక్కత్తే ఎలా మోసిందో! చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు.

"మీరు గెలిసిన ఆట నేను సూడనేదు. ఆ రోజు జొరమొచ్చి పడున్నాను. ఎలా గెలిసినారమ్మా?"

పావని కళ్లు తుడుచుకుని లేచింది. "ఇదిగో, ఇక్కడ బంతి అందుకున్నాది రోజా. ఎదర ముగ్గురున్నారు..." అంటూ గోతుల మధ్య నుంచి దారి చూపిస్తూ నడిచింది.

"ఊఁ, అప్పుడు?" అన్నాడు సింహాద్రి.