పక్క చేని ఆకు

మందు చల్లే బుల్లి యంత్రాలు, మందుతుమ్మెదల గుంపు చంద్రకళ చేని మీద లేచి, సన్నటి తుంపర చల్లుతూ సాగింది. గట్టుకు ఇవతల నిలబడిన సునంద తన చేనిలోని జన్యుదర్శిని వైపు చూసింది. దాని దీపం నిన్నటిలాగే ఎర్రగా ఉంది.

వయ్యారిభామ కలుపు మొక్క ఏ తెగదో, ఎంత ఎదిగిందో ఆకును బట్టి గ్రహించి, మందు పట్టే అదను చెప్పేది ఆ యంత్రమే. అది చెప్పనిదే ఇప్పుడెవరూ మందు చల్లరు.

"మీ చేనుకింకా చెప్పలేదా అక్కా?" తోడికోడలు చంద్రకళ గట్టు దగ్గరికొచ్చి అడిగింది.

"చెప్తాదిలే."

"మీదాంట్లో తెగ వేరంట. కాడ సాగేదాంకా మందు పట్టదంట. తొందరపడాకు."

ఆ ఆప్యాయతే సునందకు గుచ్చుకుంది. ఇద్దరిదీ ఒకే నేల, ఒకే వాన. అత్త మెచ్చిందీ చంద్రకళనే, ఊరు సలహా అడిగేదీ చంద్రకళనే. చివరికి యంత్రం కూడా ఆమెకే ముందు పలకాలా?

చంద్రకళ ఇంటికి వెళ్లాక సునంద గట్టు దాటింది. ఇంకా మందు పడని మూలన ఒక ఆకు తెంపి, తెచ్చి తన జన్యుదర్శిని కింద పెట్టింది. మొక్కల ఎత్తులన్నీ తెలిసిన యంత్రానికి మనిషి కడుపుమంట సంగతి ఎవరూ నేర్పలేదు. దీపం పచ్చబడింది. సునంద తుమ్మెదలు లేచాయి.

సునంద చేనిలో కలుపు వాడినట్టే వాడి, తేరుకుని, విరగపూసింది. మందును తట్టుకున్న మొక్కల పుప్పొడి గాలికి గట్టు దాటింది. మరుసటి వానలకు రెండు చేలలోనూ మొలిచిన కొత్త తెగను పరీక్షించి, దీనికి ఏ అదనులోనూ మందు పనిచేయదని జన్యుదర్శిని తేల్చింది. ఇక చేత్తో పీకాల్సిందే.

వయ్యారిభామ చంద్రకళ ఒంటికి పడదు. మోచేతుల దాకా దద్దుర్లు లేచి, ఆయాసపడుతూనే ఆమె సునంద చేనిలోకి వచ్చి వంగింది.

"ఈ పాడు తెగ మా చేనులోంచే వచ్చింటాదక్కా. ముందు చల్లింది మేమే కదా. మనసులో పెట్టుకోవాకు."

నిజం సునంద గొంతు దాకా వచ్చింది. చెబితే చంద్రకళ క్షమిస్తుంది. అదీ ఆమెకు తేలికే. ఆ తలపుకే సునంద కడుపు మళ్లీ రగిలింది.

"నువ్వు ఇంటికి పో. నీ చేను కూడా నేనే పీకుతా," అంది.

చంద్రకళ కళ్లు తడిశాయి. దారి పొడుగునా కనిపించిన వాళ్లందరికీ ఆ మాట చెప్పుకుంటూ వెళ్లింది. సాయంత్రానికల్లా జనం గట్టు మీద ఆగి, తోడికోడలంటే నీలా ఉండాలమ్మా అని సునందను మెచ్చుకోసాగారు.

ఎవరు పలకరించినా ఆమె తల ఎత్తలేదు. వంగి పీకుతూనే ఉంది.