నేపాల్ బిందె

నితీష్ నోరు తెరిస్తే నేపాలే.

"నేపాల్‌ల అయితే గీ చాయ్..."

"సప్పుడు చేయకుంట తాగు," అంది అనూహ్య.

బీదర్ వెటర్నరీ కాలేజీ క్యాంటీన్‌లో ఆ కథ వినని బెంచీ లేదు. ఫైనల్ ఇయర్ వాళ్లు పది రోజుల పశువైద్య శిబిరానికి నేపాల్ వెళ్లొచ్చి ఆరు నెలలైంది. అనూహ్య కూడా వెళ్లింది. అయినా ఆమె అక్కడ లేనట్టే ఆమెకూ చెబుతాడు! కొండలు, మోమోలు, చలికి కొంకర్లు పోయిన వేళ్లు. చివర్లో ఒక నిట్టూర్పు.

"ఆళ్ల దగ్గర ఏం లేదు అనూ. అయినా ఎంత ఖుష్‌గ ఉన్నరో! నా కండ్లు తెరుసుకున్నయ్."

"మా కుశనూర్‌ల గూడ ఏం లేదు. ఆడికి విమానం గూడ అక్కర్లే, బస్సెక్కితే చాలు."

ఆమె ఒళ్లు మండేది అందుక్కూడా కాదు. చెప్పాల్సిన ఒక్క సంగతీ అతను చెప్పడు. ఆ కొండ ఊళ్లో గేదెకు వైద్యం చేశాక, ఒక ముసలామె గడప ముందు పెట్టిన బిందెడు నీళ్లూ తన గంబూట్ల మీద గుమ్మరించుకున్నాడు. గంట నడిచి మోసుకొచ్చిన నీళ్లవి. అనూహ్యే ఖాళీ బిందె తీసుకుని కొండ దిగింది. నీళ్లతో తిరిగొచ్చేసరికి అయ్యగారు ఫోటోలు తీసుకుంటున్నారు.

ఆ మనిషే నాలుగు నెలల కింద, "మీ ఇంట్ల మాట్లాడనా?" అని అడిగాడు.

ఆమె వెంటనే సరే అననిది ఇష్టం లేక కాదు. ఉంది, దండిగా ఉంది. అదే ఆమె తలనొప్పి. చేసిన తప్పు కంటికి ఆనని మనిషితో బతుకంతా ఎలా వేగడం?

"నేపాల్‌ది ఒకటి మర్సిపోయినవ్. అది యాదికొచ్చినంక అడుగు," అంది.

మర్నాడు వచ్చి జడల బర్రె గురించి చెప్పాడు. అనూహ్య నెత్తి బాదుకుంది.

ఈ మే నెలలో కాలేజీ శిబిరం కుశనూర్‌లోనే పడింది. నల్లా రాక వారమైంది. అనూహ్య నాయనమ్మ సంగమ్మ ఊరవతలి బావి నుంచి నీళ్లు మోస్తోంది. నితీష్ ఆమె బర్రెకు మందు పట్టించి వచ్చేసరికి గడప ముందు నిండు బిందె పెట్టింది.

"బూట్లు కడుక్కో బిడ్డా."

నితీష్ బిందె వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేపాల్‌ల..." అని మొదలుపెట్టాడు.

"ఇగ షురువైంది!" అంది అనూహ్య.

"నేపాల్‌ల ఒక అవ్వ తెచ్చిన నీళ్లన్ని బూట్ల మీద వోసుకున్న అవ్వా. మీ మన్మరాలు బిందెత్తుకొని కొండ దిగుతుంటెగని నాకు తెలివి రాలే. ఎన్క పోనీకి మొఖం చెల్లలే. సిగ్గుకు ఫోటోలు తీస్కుంట నిలవడ్డ. గది చెప్పలేకనే గా గుట్టలు, గా మోమోలు చెప్పుకుంట తిరుగుతున్న." బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "బర్రెలు దిగే కుంట యాడుంది? ఇవి ఆడ కడుక్కుంట. ఖాళీ బిందె ఉంటె ఇయ్యి, వచ్చేటప్పుడు బాయి నుంచి నీళ్లు తెస్త."

సంగమ్మ బుగ్గన వేలేసుకుంది. "గిది తెలుసుకోనీకి గంత దూరం పోయినవా బిడ్డా? మా బాయి ఈడనే ఉండె గద!"

అనూహ్యకు నవ్వొచ్చింది, దానితోపాటే కళ్లు తడిశాయి. ఆరు నెలల కోపం ఎటు పోయిందో తెలియలేదు. తానూ ఒక బిందె చంకనెత్తుకుని అతని పక్కన నడిచింది.

"ఇప్పుడు అడుగు."

"ఏం అడగాలె?"

"నాలుగు నెలల కింద అడిగింది."

"నేపాల్ నుంచి వచ్చినంకనా?"

"నితీష్!"

వెనక నుంచి సంగమ్మ కేకేసింది. "అడిగేది ఏందో నాకు సమజైంది గని, జల్ది నీళ్లు తేపోండ్రి. అనూ నాయనొచ్చే యాళ్లయింది. పెండ్లి మాట్లాడనీకి కూసున్నోళ్లకు చాయ్ పొయ్యాలె గద!"